తెల్లారగట్ల బోల్టు

జుబైల్‌లో జూలై.
పన్నెండు కొడితే హారన్ మోగుతుంది,
ఇనుము దిగి నీడకి రావాలి, మూడు దాకా.
దానేసు అందరికన్నా చివర దిగేవాడు,
నడుముకి స్పానర్లు గలగలమంటుంటే
ఒక్కో మెట్టునీ పేరు పెట్టి పలకరిస్తున్నట్టు, నిదానంగా.

నేనప్పుడు కొత్త. తాడు పట్టే హెల్పర్ని.
అరవై మీటర్ల ఎత్తున బీమ్ వచ్చి ఆగింది.
రంధ్రం రంధ్రంతో కలవలేదు, గోరంత తేడా.
సుత్తి ఎత్తాను.
చెయ్యి పట్టుకున్నాడు.
"కొట్టకురా గుంటడా.
ఎండకి ఒళ్ళు పెరిగిందది, కోపం మీదుంది.
తెల్లారగట్ల రా, అదే వస్తాది దారికి."

నాలుగున్నరకి ఎక్కాం. సముద్రం మీంచి చెమ్మ గాలి.
బొటనవేలితో నెట్టాడు, అంతే,
సొంతింట్లోకి పిల్లి దూరినట్టు
దూరింది బోల్టు.
ఆ వారమే నా పెళ్ళాంతో ఫోన్లో తగువుపడి అరుస్తుంటే
పై మంచం మీంచి అదే మాట:
"ఇప్పుడు ఒగ్గీ. తెల్లారగట్ల చెయ్యి."

పదిహేడేళ్ళు పటాలంలో సాపరు.
కొండవాగుల మీద రాత్రికి రాత్రి ఇనుప వంతెన వేసి
బళ్ళు దాటాక మళ్ళీ విప్పి మోసిన భుజాలు.
లడాయి సంగతి అడిగితే ఎడమ చెయ్యి చూపించేవాడు.
నాలుగే వేళ్ళు.
"చలికి ఒకటిచ్చాను. ఎండకి ఇవ్వను."

పింఛను చాలక సింగపూరు,
ఆపైన బస్రా, రస్ లఫాన్, సొహార్, ఇప్పుడిది.
"అన్ని దేశాలూ పైనుంచే చూసేను, పిట్ట నాగ.
ఒక్క ఊర్లోనూ తీరిగ్గా టీ తాగలేదు."
సెలవుకెళ్ళినప్పుడల్లా కూతురి పాదం దారంతో కొలిచి తెచ్చేవాడు,
చెప్పుల షాపులో స్టీలు టేపు తీసి
రెండొందల పద్దెనిమిది మిల్లీమీటర్లు అనేవాడు,
యెమెనీ షాపువాడు నవ్వేవాడు.

రోజూ ఫోను, ఉద్దానంలో ఇంటికి.
"ఏటి తిన్నావు" అయ్యాక "నంబరెంత?"
లాటరీ అనుకున్నాను మొదట్లో.
హేమావతి రక్తపరీక్ష కాగితంలో
కింది నుంచి మూడో వరస అది.
మా నీళ్ళలో ఏటుందో ఎవులికీ తెలీదు,
కొబ్బరి తోటలు పచ్చగానే ఉంటాయి, మనుషులే, అని
అక్కడ ఆపేసేవాడు.
ఆ అంకెని సుద్దముక్కతో కాలమ్ మీద రాసేవాడు
టార్క్ లెక్కల పక్కన.
రెండు పాయింట్ ఒకటి.
రెండు పాయింట్ ఎనిమిది.
ఫిలిప్పీన్స్ ఇన్‌స్పెక్టరు ఇదే జాయింటుదని
డ్రాయింగులన్నీ తిరగేశాడు.
దానేసు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని
"మై హోమ్ జాయింట్, సార్" అన్నాడు.
ఆయన సుద్దని చెరపనివ్వలేదు ఎవరినీ.

అయిదు దాటిన రోజు రాయలేదు.
సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.
ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెడుతూ చెప్పాడు,
"నాది ఒకటి ఇస్తాను. సైజు సరిపడితే."
బోల్టు గురించి చెప్పినట్టే చెప్పాడు.
స్పానరు నాకిచ్చాడు.
పిడి మీద ఇరవయ్యేళ్ళకి ఆయన బొటనవేలు తవ్విన గుంట,
నా వేలు అందులో ఇంకా వదులుగానే ఉంది.

కాలమ్‌కి రంగు వేసేశారు.
అంకెలు బూడిద రంగు కింద ఉన్నాయి,
ఎక్కడున్నాయో నాకు తెలుసు, చెయ్యి పెట్టి చెప్పగలను.
మొన్న భోజనం వేళ ఫోన్ చేశాను,
సరిపడిందా అని అడుగుదామని.
అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.
ఆడమనిషా, పిల్లా, పోల్చుకోలేకపోయాను.
ముందు ఆయనే అడిగాడు,
"ఏడో టవరు బీమ్ కూకుందేటి?"
లేదు, రంధ్రం కలవడం లేదన్నాను.
"టైమెంతయింది అక్కడ?"
పన్నెండున్నర.
నవ్వాడో, దగ్గాడో.
"ఒగ్గీరా మరి.
తెల్లారగట్ల చెయ్యి."