మడత కాగితం ఒకటి, విలువ లేదు

బస్సులో మరిచిన వస్తువుల పుస్తకంలో
నా చేత్తోనే రాశాను:
మడత కాగితం ఒకటి. విలువ లేదు.
దానికి పైన నల్ల గొడుగు,
కింద ఇత్తడి క్యారేజీ మూత.

విజయవాడలో ఎక్కిందామె, గుంటూరు పల్లెవెలుగు.
అమరావతికి ఎక్కడ మారాలని
మూడుసార్లు అడిగింది, మూడు రకాలుగా.
వారధి మీద అందరూ నీళ్ళు చూస్తుంటే
ఇసుక చూసింది.
తాడేపల్లిలో జనం పల్చబడ్డాక
నన్ను పక్కన కూర్చోమని
ఒళ్ళో కాగితం విప్పింది.
ఎంత విప్పినా అయిపోదే!
ముందు సీటాయన భుజమ్మీదికి పాకింది.

పడుకున్న గేదె వీపులా పొడుగాటి కొండ.
కొండ వెంట రోడ్డు.
రోడ్డు వెంట ఊళ్ళు.
ఊళ్ళ చుట్టూ ద్రాక్షతోటలు,
తోటకో రంగు.
ఒక చుక్క మీద గోరు ఆనించి
"బోన్" అంది, మా ఊరు అన్నట్టు.
బోనేంటమ్మా, అందులో ఎవరుంటారు, అన్నాను.
ఆమెకి తెలుగు రాదు, అయినా నవ్వింది.

అప్పుడే అరచెయ్యి ఏటవాలుగా పట్టి చూపించింది:
కొండ నెత్తిన కాసింది కాదు,
కాళ్ళ దగ్గర కాసింది కాదు,
నడుం మీద కాసిందే బంగారం.
రోడ్డు దాటితే
అదే తీగ, అదే వాన,
మామూలు సారా ధర.

ఈ ముక్క నాకు ఫ్రాన్సు నుంచొచ్చి చెప్పాలా?
గట్టుకి అవతలి కాయ నలిపిన వేళ్ళతోనే
మా నాన్న కాయా నలిపి,
తువ్వాలు కింద రెండు వేళ్ళు మడిచేశాడు
మిర్చి యార్డు దళారి.
నేల తేడా అన్నాడు.
ఏ తేడానో మా నాన్నకి తెలుసు,
అడగలేదు.

కాజ దాటాక కునికింది.
గుంటూరులో గబగబా దిగింది.
సీటు మీద కొండ మిగిలింది.

మూడు నెలలు ఎవరూ రాలేదు.
గుమాస్తా వీరరాఘవులు, "పొట్లాలకి పనికొస్తుంది, పట్టుకుపో" అన్నాడు.

ఇప్పుడది నైట్‌హాల్ట్‌లో నా దుప్పటి మీద.
డ్రైవర్ ఖాజావలి టీగ్లాసు ఒక మూల బరువుకి పెడతాడు,
నేను స్టేజీలు చదువుతాను,
అక్షరం ఎలా ఉంటే అలా:
జెవ్రీ. మోరీ. వౌజియోట్.
ఆ ఊళ్ళవాళ్ళు వింటే బండి ఆపరు.
డిజాన్ నుంచి బోన్‌కి నలభై కిలోమీటర్లు,
మన రూటుకి కాస్త ఎక్కువ.
"నలభైకి ఎన్ని స్టేజీలు పెడతావ్?" అంటాడు.
పన్నెండు.
"ప్రతి స్టేజీలోనూ తాగుతారంటావా?"
తాగి, ఉమ్మేస్తారంట. వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించిందామె.
ఖాజావలి చాలాసేపు ఆలోచించాడు.
"నేను తాగను, ఉమ్మనూ ఉమ్మను.
నాకా డ్యూటీ వేయించు,
బండి వంకర పోదు" అన్నాడు.

మా పెద్దమ్మ దెబోరా
నెలకో శనివారం ఎండుద్రాక్ష నానబెడుతుంది.
ఆదివారం గుడిలో బల్ల మీదికి.
రాత్రంతా నానాలి, సన్నసెగన కాగాలి,
పలచని బట్టలో పిండాలి.
మరగనివ్వదు, పులవనివ్వదు,
కాగుతున్నంతసేపూ ఎవరినీ మాట్లాడనివ్వదు.
నలభై ఏళ్ళు. ఏ బాటిలు మీదా ఆవిడ పేరు లేదు.

మొన్న శనివారం
పొయ్యి పక్కన కూర్చుని అడిగాను:
ఇవి ఏ ఊరి ద్రాక్షలు పెద్దమ్మా?
కొండ నడుం మీదివా, రోడ్డు కిందివా?
గరిటె ఆగింది.
"పచారీ కొట్టువి" అంది.

చెత్తబుట్టలోంచి ప్యాకెట్టు తీసి
వెలుతురులో పట్టుకున్నాను.
సాంగ్లీ జిల్లా.
ఊరి పేరు ఉండాల్సిన చోట నూనె మరక.

కాగితం మడతల్లో చిరుగుతోంది.
చిరుగు సరిగ్గా రోడ్డు మీదే పడింది,
ఖరీదు తోటలొక పక్క, చవకవొక పక్క.
టికెట్ల కట్టకి వాడే గమ్ పూసి అతికించాను.
కొంచెం వంకరగా అతుక్కుంది,
రెండు తోటలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

అలానే ఉండనిచ్చాను.