నల్ల వాచరు

బండని పడుకోబెట్టి దొర్లించకు ఏసుబాబూ.
తాగొచ్చిన మావని ఇంటికి నడిపించినట్టు
నిలబెట్టి, అంచు మీద తిప్పుకుంటా తీసుకురా.

సీలు తెంచాక లోపలికి చూడు.
నల్ల వాచరుందా? చిటికెనవేలి ఉంగరమంత.
లేకపోతే బండ వెనక్కి పంపెయ్,
అంతర్వేది తీర్థం బేరమైనా సరే, పోనీ.

పక్క బండి సూర్రావు బీడీ ఆర్పాడో లేదో కనుక్కో.
రెగ్యులేటరు టక్కుమంటుంది,
టక్కుమంది కదా అని నమ్మేయకు.
సబ్బు నురగ రాసి, నోరు మూసుకుని కూర్చో.
బుడగ ఊపిరి తీసిందంటే లీకే.
ట్యూబు వంపు దగ్గర మరీ చూడు,
ఇక్కడి ఉప్పుగాలి ఇనపకమ్మీలనే తినేస్తుంది.

భయం కాదురా.
నా చిన్నప్పుడు కొబ్బరితోటల అవతల గ్యాసు బావి అంటుకుంది.
ఎన్ని రాత్రులో, మాకు చీకటే పడలేదు.
కోళ్ళు ఎప్పుడు కూయాలో తెలీక
ఎప్పుడు పడితే అప్పుడు కూసేవి.
మా అమ్మ ఆ వెలుగులోనే చేపలు తోమింది.

బుడగ లేదా? సరిగ్గా చూశావా?
పండుగొప్పకి కారం పట్టిందిలే,
గ్రిల్లు మూత తెరువు.
ముందు పుల్ల గియ్యి.
నాబు తర్వాత.