నలభై ఒకటో కుళాయి

వల్పరైసోలో పార్లమెంటు భవనం
రేవుకి దగ్గర్లోనే ఉంటుంది.
గాలి మళ్ళితే
సభ్యుల కిటికీల్లోకి చేపల వాసన వెళ్తుంది.
రెండేళ్ళు పబ్లిక్ పాలసీ చదివి
నేనూ అలాగే వెళ్ళాలనుకున్నాను:
పిలవకుండా, కాదనలేకుండా.

ఇరవై ఆరు ఉత్తరాలు రాశాను.
మొదటి దాంట్లో నా పేరు యస్నా కురికెయో.
చివరి దాంట్లో
"విశ్లేషణాత్మక దృక్పథం గల అభ్యర్థి".
మధ్యలో ఏ ఉత్తరం దగ్గరో
నేను జారిపోయాను.

పట్టిక గీసి రంగులు వేశాను.
ఎదురుచూపుకి పసుపు. వద్దన్నవాళ్ళకి ఎరుపు.
జవాబే ఇవ్వని వాళ్ళకి ఏ రంగూ తోచక
తెల్లగానే వదిలేశాను.
ఆగస్టు నెలాఖరుకి
ఈ ఊళ్ళో ఎన్నడూ కురవని మంచు
నా పట్టిక నిండా.

ఒక సెనేటరు ఆఫీసు పిలిచింది.
మెత్తటి కుర్చీ. కాఫీ కూడా.
"ఇంతకుముందు అనుభవం?"
"దానికోసమే వచ్చానండీ."
"అది లేకపోతే కష్టమమ్మా."
ఈత వచ్చాకే నీళ్ళలో దిగమన్నట్టు.

శాంతియాగోలో ఒక సంస్థ తీసుకుంటానంది.
మూడు నెలలు. జీతం లేదు.
"పరిచయాలు పెరుగుతాయి కదా"
అన్నాడు సన్నగడ్డం డైరెక్టరు.
వాళ్ళు రాస్తున్న నివేదిక పేరు
'యువతలో వేతనం లేని శ్రమ'.
నవ్వు బస్సెక్కాక వచ్చింది.
నా గదికి అద్దె కట్టేవి
జెరాక్స్ షాపులో నా సాయంత్రాలు.
ఇంటావిడ ఓర్టెన్సియా
పరిచయాల్ని అద్దె కింద జమ వేసుకోదు.

యూనివర్సిటీలో ఉద్యోగాల గది చూసే ఎడువినా
కళ్ళజోడు మీంచి నన్ను చూసి
"నీ ఉత్తరాలన్నీ
పెద్ద గుమ్మాలకే వెళ్ళాయి" అంది.
చీటీ మీద పెన్సిలుతో రాసిచ్చింది:
మునిసిపాలిటీ, నేలమాళిగ, మూడో తలుపు.
నిజానికి అది నాలుగోది.

అక్కడ బౌదిలియో.
ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళ విభాగం.
నా రెజ్యూమె తిరగేసి
వెనకవైపు ఖాళీగా ఉన్నందుకు సంతోషించి
దాని మీదే కొండ గీశాడు.
"ఎండాకాలం నిప్పు ఇటునుంచి దిగుతుంది.
ఫైరింజను గొట్టం తగిలించే కుళాయిలు
కాగితం మీద ఒక లెక్క, కొండ మీద ఇంకో లెక్క.
నడవగలవా?"
అంతే ఇంటర్వ్యూ.
కనీస వేతనంలో సగం. బస్సు చార్జీలు వేరే.

అక్టోబరంతా మెట్లే.
రేకుల ఇళ్ళు, రంగు వెలిసిన గోడలు,
భుజాన రెంచి, సంచిలో నోటుబుక్కు.
పదిహేడో కుళాయికి ఒక కుక్క కాపలా.
ఇరవై రెండోది ఎవరిదో వంటింటి గోడలో కలిసిపోయింది.
ముప్ఫయ్యోదాన్ని తిప్పితే
గుర్రుగుర్రుమని దగ్గి తుప్పు ఉమ్మింది.
నా థీసిస్‌లో ఒక అధ్యాయం, 'అమలులో అంతరం'.
అదిప్పుడు నా అరచేతులకి అంటింది,
సబ్బుకి పోదు.

నలభై ఒకటోది కొండ కొసన,
రోడ్డు తన పని మానేసిన చోట.
రెంచి తియ్యకముందే
బట్టలారేస్తున్న ఒకావిడ "రాదు" అంది.
"మూడేళ్ళుగా రాదు.
మూడేళ్ళుగా ఎవరో ఒకరొచ్చి రాసుకుని పోతారు.
నువ్వెవరు?"
"ఇంటర్న్‌ని."
"అంటే?"
"నేర్చుకోడానికొచ్చినదాన్ని."
పళ్ళ మధ్య క్లిప్పు తీసి, దుప్పటికి పెట్టి,
తీరిగ్గా నావైపు తిరిగింది.
"అయితే నేర్చుకో.
నీళ్ళ లారీ మంగళవారం వస్తుంది.
నిప్పు బుధవారం వస్తే?"

ఆ రాత్రి నేలమాళిగలో
నివేదిక మొదలుపెట్టాను.
ఉపోద్ఘాతం లేదు, దృక్పథం లేదు.
మొదటి వాక్యం ఆవిడదే,
ఒక్క అక్షరం మార్చలేదు.
బౌదిలియో చదివాడు.
"ప్రభుత్వ కాగితంలో
ప్రశ్నార్థకం ఉండదు, తీసెయ్" అన్నాడు.
లైటార్పి, తాళాలు వెతుక్కుని,
మెట్ల దాకా వెళ్ళి ఆగి
చీకట్లోంచి అన్నాడు,
"ఉండనీలే."