కింది ప్రాంతాలు

బోరబండ సైట్‌త్రీ బస్టాపు దగ్గర
మిర్చీబజ్జీల నర్సింలు బండి మీంచి
కిలో పాత పేపర్లు అడిగి తెచ్చాను
ఏడో తరగతి తెలుగు పీరియడుకి.

నిన్న పద్యం చెప్పాను.
గణాలు విడదీసేసరికి
వెనక బెంచీలో మూడు తలలు వాలిపోయాయి.
యతి దగ్గర ఆగమంటే
అక్కడే ఆగి నిద్రపోయారు.

అందుకే ఇవాళ పుస్తకం మూసి
నూనె మరక లేని కాగితాలు ఏరి
తలా ఒకటి పంచాను.
"కొత్త మాట ఒక్కటీ రాయొద్దు.
ఉన్నవాటిలోనే మీవి వెతుక్కోండి.
కత్తిరిస్తారో, మిగతాదానికి నలుపు పూస్తారో మీ ఇష్టం."

కత్తెరలు రెండే.
బంక లేదు. మధ్యాహ్న భోజనంలో
మిగిలిన మెతుకులే బంక.

శివలీల బంగారం ధరల్లోంచి
'స్వల్పంగా తగ్గింది' ఒక్కటే తీసుకుంది.
ఏం తగ్గిందే అంటే
"అమ్మ దగ్గు, టీచర్."

ఐలేష్‌కి మాటలేవీ నచ్చలేదు.
వాక్యాల చివరి చుక్కల్ని
చుట్టూ తెల్లకాగితంతో సహా కత్తిరించి
నల్లచార్టు మీద చల్లినట్టు అతికించాడు.
"చుక్కలే టీచర్. కరెంటు పోయిన రాత్రి."

తబస్సుమ్‌కి ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు.
అక్షరం మీద వేలు పెట్టి చదివే పిల్ల.
తన చేతికి నీళ్లబోర్డు ప్రకటన వచ్చింది.
పైపులైను, మరమ్మతు, తేదీ, ఇంజనీరు పేరు
అన్నిటి మీదా స్కెచ్‌పెన్ను అరిగేదాకా రుద్ది
ఇంతే మిగిల్చింది:

కింది ప్రాంతాలకు
నీళ్లు
రావు
సహకరించగలరు

మొన్న నేను రాయించిన సామెత
'నీరు పల్లమెరుగు'
బోర్డు మీద ఇంకా పూర్తిగా చెరగలేదు.

"ఇక్కడ కింది అంటే పల్లం కాదమ్మా,
ఇదిగో, ఈ పేరా కింద ఇచ్చిన పేర్లు..."
చెప్పబోతూ ఆ పేర్లు చూశాను.
నలుపు కింద మసగ్గా కనబడుతున్నాయి.
మూడోది వాళ్ల బస్తీ.

అర్థం చెప్పడం మానేసి
ఇంకోసారి చదవమన్నాను, గట్టిగా.
'రావు' దగ్గర తనంతట తను ఆగింది.

సాయంత్రం మిగిలిన కాగితాలు
బండి దగ్గర తిరిగిచ్చాను.
నర్సింలు ఒకటి ఎత్తి బల్బుకి అడ్డం పట్టాడు.
"గిదేంది టీచరమ్మా, పేపరుకు కిటికీలు వెట్టిర్రు?
బజ్జీలు ఎట్ల కట్టాలె దీంట్ల?"

రెండు పొరలేసి కట్టిచ్చాడు.
అయినా
మాటలు లేచిపోయిన చోట్లలోంచి
వేడి నూనె
నా అరచేతికి అంటుతూనే ఉంది.