అడుగులు చెరిపినోడి అభిప్రాయం

లాబాబ్ ఎర్ర ఇసుకల
మూడు రోజులు పాట తీసిండ్రు.
నా పని అడుగులు చెరుపుడు.

తరళ నడిచి పోతది, కట్ అంటరు,
మళ్ల మొదటి కాడికొచ్చి నడుస్తది.
ఆ నడుమల నేనూ, బెంగాల్ పిలగాడు రఫీకుల్,
చెరొక దంతె పట్టుకొని
మనిషే ఎరగని దిబ్బలెక్క సాపు చేస్తం.
ఎనుకకెనుకకు దిగాలె మేము,
మా అడుగులు మేమే చెరుపుకుంట.

ఇగ పాట బయటికొచ్చింది.
సోనాపూర్, రూము నంబరు నూటపద్నాలుగు,
శుక్రారం పొద్దున, పిండిన బట్టలు ఆరకముందే
నర్సింగం ఫోన్ల అందరం చూసినం.
ఎట్లుందిరా అని నన్నడిగిండ్రు,
దగ్గరుండి చూసినోన్ని కదా.

ఉన్నదున్నట్టు చెప్త.
బాణీ మంచిగుంది, దరువు పడంగనే కాలూగుతది.
మాటలు రాసినాయన ఇసుకను ముద్దుపెట్టుకున్నడు,
మిట్టమధ్యాహ్నం నిలబడి రాసినట్టు లేదు.
హీరో పాట మొత్తంల కళ్లద్దాలు తియ్యలే.
అది స్టైలు కాదు, కంట్ల ఇసుక పడ్డది, నాకెర్క.
ఒంటె బాగ చేసింది.
ఒంటె కిరాయి నా నెల జీతమంత,
కష్టపడ్డది, కాదన.

రెండు నిమిషాల పదకొండు సెకండ్ల కాడ
ఆపుమన్న.
ఎడమ దిక్కు దిబ్బ చూడుండ్రి.
గీత లేదు, మడత లేదు,
గాలి సుత గంత సాపుగ చెయ్యది.
గది నాది.
గంగారాం నవ్విండు,
"ఏం కనపడ్తలేదు కదరా."
అదే మరి.

పాట ఒడిసేటప్పుడు, ఓ మూలకు,
సగం మడమ ఒకటుంది. సేఫ్టీ బూటుది.
అది ఆపి చూపియ్యలే.

నెల తిరగకముందే ఆ తరళ
ఎక్కడో కుర్చీల కూసోని మాట్లాడింది.
హీరోయినుకు పన్నెండు మాటలు రాస్తే
తొమ్మిది హీరో పేరేనట.
ఎడారిల పనోళ్లకు నీళ్లు లెక్కపెట్టి ఇచ్చిండ్రట,
అడిగితే ఆమెను పొగరుబోతు అన్నరట.
ఇగ తిట్లు, తిట్లు, తిట్లు.
రాజలింగు అన్నడు, "కోట్లు తీస్కొని కూతలెందుకు?"
గంగారాం మంచం తలాపున హీరో బొమ్మ ఉంటది,
ఆ రాత్రి వాడు పప్పుల చెయ్యి పెట్టలే.

నాకు ఆమె మాటలన్నీ నచ్చయి.
మా అవ్వ కొంగు తడిసేదాక ఏడ్చిన సినిమాను
ఆమె ఓసారి తలాతోకా లేదన్నది.
ఆ కోపం నాకింకా పోలే.
మనసుల ఉన్నది నోట్లెకు రాకముందు
జరసేపు నిలబెడితే ఏం పోతది?
అట్ల నిలబెట్టే నేను ఇరవై ఏండ్లు నెట్టుకొచ్చిన.

షూటింగుకు ముందు ఓ కాయితం మీద
వేలిముద్ర వేయించుకున్నరు.
ఇంగ్లీషుల ఉంది.
రఫీకుల్ చదివి చెప్పిండు,
ఈడ చూసింది ఆడ చెప్పొద్దని.

రెండో రోజు పగటీలి
తన గొడుగు కింది సీసాల డబ్బా
కాలితోని మా దిక్కు జరిపింది ఆమె.
ఏమనలే. మా మొఖం సుత చూడలే.
చూసుంటే బాగుండు అనిపిస్తది ఒక్కోసారి.

రూముల తిట్లు ఇంక ఆగకపోయేసరికి అన్న,
"మనిషికి నాలుగు సీసాలు.
ఐదోది తీసుకుంటే పేరు రాసుకున్నరు."

కూలరు చప్పుడొక్కటే.
గంగారాం లేచి కూసున్నడు,
"అంటే నువ్వు ఆమె దిక్కా?"
"నేను ఎవ్వరి దిక్కూ చెప్తలేను,
సీసాల లెక్క చెప్తున్న."

రాజలింగు మెల్లగ అడిగిండు,
"మరి ఒంటెకు?"
"ఒంటెకు బకెట్ పెట్టిండ్రు.
ఎన్నిసార్లంటే అన్నిసార్లు నింపిండ్రు."

గంగారాం ఫోను బోర్లేసి గోడదిక్కు తిరిగిండు.
జరసేపటికి
దుప్పటి లోపల్నుంచి మళ్ల అదే దరువు.
బాణీ మంచిదే,
ముందుగాలనే చెప్పిన కదా.