చప్పుడు చేయని వేడి

గోడల్లో నాలుగంగుళాల మందాన గొర్రె ఉన్ని కూరాం.
ఈ కొండల మీద తడిసి తిరిగే గొర్రెలదే,
కొనేవాడు లేక కొట్టంలో మూలుగుతుంటే తెచ్చాం.
నేల కింద కార్కు, కిటికీకి రెండు అద్దాలు.
పెరటి చివర, గూస్‌బెర్రీ పొదల వెనక
నా గడియారాల గది.
తలుపేసుకుంటే వియర్‌డేల్ గాలి
గుమ్మం బయట నిలబడి కాళ్ళు మార్చుకుంటుంది.

ఇక వేడి ఒక్కటే తేలాలి.

నవంబరొస్తే వేళ్ళు కొయ్యబారతాయి.
సూదిమొనతో వేసిన నూనె బొట్టు
ఇరుసు దగ్గర తేనెలా బద్ధకిస్తుంది.
ఆవగింజలో సగముండే మర
జారిందా, ఆ పూటకి పని అయినట్టే.

పక్కింటి రోలండ్ టన్‌స్టల్
"మా తమ్ముడి పడవలోది, ఇనప పొయ్యి, ఊరికే తీసుకో" అన్నాడు.
అడిగేలోపే తోపుడుబండిలో తెచ్చేశాడు.
ముద్దొచ్చే పొయ్యి. బుల్లి నోరు, పొట్టి కాళ్ళు.
కానీ ఇంత ఉన్ని కప్పుకున్న గదికి
అది గుండెల మీద కుంపటే.
రెండు పుల్లలేస్తే చాలు, తలుపు బార్లా తీసి
లోయంతా వెచ్చబెట్టాలి.
ఆరిపోయాక ఊరుకుంటుందా,
చల్లారే ఇనుము టిక్కు టిక్కుమంటుంది.
ఏ గడియారం దొంగ లెక్క చెబుతోందో అని
నేను ఒక్కోదాని దగ్గరా చెవి పెట్టి తిరగాలి.

నేను చూసి కాదు, విని బాగుచేస్తాను.
టిక్కుకీ టాక్కుకీ నడుమ ఎడం సమంగా ఉందా,
ఒక కాలు ఈడుస్తోందా అని.

అందుకే అంగట్లో హీటర్ల ముందు నిలబడి
"ఒక్కొక్కటీ ఆన్ చెయ్యి నాయనా" అని కళ్ళు మూసుకున్నాను.
కుర్రాడు కొంచెం భయపడ్డాడు.

ఫ్యాను హీటరు: పిట్ట కొంచెం, కూత ఘనం.
పైగా దుమ్ము లేపి పళ్ళచక్రాల్లో పోస్తుంది.
గ్యాసుది మెత్తగానే మాట్లాడుతుంది గానీ
ఊపిరంతా తడి, ఉక్కు స్ప్రింగుకి తుప్పు కానుక.
హీట్ పంపు పొదుపరి, కాదనను,
కూనిరాగం మాత్రం మానదు.
నూనె రేడియేటరు పెద్దమనిషి.
ఉండుండి గొంతు సవరించుకుంటాడు.

చివర్న ఒక తెల్లటి పలక, నాలుగొందల వాట్లది.
బల్ల కింద బిగించుకోవచ్చట.
"ఆన్ చెయ్యవేం?" అన్నాను.
"చేసి అయిదు నిమిషాలైందండీ."
అప్పుడు తెలిసింది, మోకాలి మీద ఎండ.

ఈ సంగతి టన్‌స్టల్‌కి చెప్పాలి కదా.
నిన్న సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.
"మంట కనబడని వేడి వేడే కాదు హెస్టర్" అన్నాడు.
రెండు గంటలు వాదించుకున్నాం.
మూడుసార్లు కెటిల్ పెట్టాను.
తమ్ముడు ఆ పొయ్యి మీదే బేకన్ వేయించేవాడట,
మాడ్చకుండా ఒక్కరోజూ వేయించలేదట.
అక్కడ నేను వాదించడం మానేశాను.

పొద్దున గడ్డి మీద మంచు
కాలు పెడితే విరుగుతోంది.
తలుపు తీస్తే గది నులివెచ్చగా ఉంది.
పలక ఇంకా అట్టపెట్టెలోనే ఉంది,
టేపైనా చింపలేదు.
థర్మామీటరు పద్నాలుగంటోంది.
దీపం, కెటిలు, నేను, టన్‌స్టల్,
మాడిన బేకను,
అన్నిటినీ ఉన్ని రాత్రంతా వదల్లేదు.

పొయ్యి సంగతి తేల్లేదు.
మెట్టు పక్కనే ఉంది, నోట్లో రెండు ఎండుటాకులతో.
ఇవాళ పలక బిగిస్తాను.
సాయంత్రం మళ్ళీ వస్తానన్నాడు. పాలు తేవాలి.
అతనొచ్చే వేళకి పలక ఆపేయాలి,
లేకపోతే ఉక్కపోస్తుంది.