పిప్పరమెంటు

ప్రసంగం రెండో పాయింటుకు రాగానే
హార్మెన్ డైక్‌హౌస్ కోటు జేబులోంచి
పిప్పరమెంటు బిళ్ళ తీస్తాడు.
అయోవాలో ఆ చర్చి, ఆ బెంచీ, నలభై ఏళ్ళు.

అక్కణ్ణించే చూశాడు లోకం జారిపోవడం:
ఆదివారం తెరిచిన హార్డ్‌వేర్ కొట్టు,
వాన కబురులా విడాకుల కబుర్లు,
ఆరాధనకొచ్చే పచ్చబొట్ల చేతులు.
ప్రతిదానికీ పేపరుకు ఉత్తరం రాశాడు.
ఒకటి ఇంకా ఫ్రిజ్ మీదుంది,
మొక్కజొన్న కండె అయస్కాంతం కింద:
"పెళ్ళాం దగ్గర మాట తప్పినవాడు
ఊరికిచ్చిన మాట నిలుపుతాడా?"

ఈ అక్టోబరులో, కాఫీల వేళ,
పాస్టరు భుజమ్మీద చెయ్యేసి తీసుకొచ్చాడు
సెనేటుకు నిలబడ్డాయన్ని.
మూడో భార్య. రెండు దివాలాలు.
మైకు ముందు బైబిలు, మైకు దాటితే బూతు.
"మనవాడు" అన్నారు.
హాలంతా చప్పట్లు.
హార్మెన్‌కి కప్పు సాసర్లో పెట్టడానికి
చాలాసేపు పట్టింది.

"నువ్వు మారిపోయావోయ్" అన్నాడు
ధాన్యం గోదాం వెసెల్.

ఇంటికొచ్చి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు.
"రంగు వెలిసింది, తీసెయ్యనా?" అంది ఆల్బెర్టా.
"ఉండనీ."
పాలు తీసుకుని తలుపు మెల్లగా వేశాడు.

మళ్ళీ ఆదివారం.
వాక్యం సొదొమ గురించి.
ఎప్పుడూ ఆ మాటకి అతని చూపు
కిటికీ దాటి హైవే పక్క బారు మీదికి పోయేది.
ఇవాళ ముందు బెంచీల్లోని
నున్నగా దువ్విన తలల దగ్గరే ఆగిపోయింది.

రెండో పాయింటు.
బిళ్ళ తీశాడు, నోట్లో వేసుకోలేదు.
పక్కన కొత్తావిడ, మణికట్టు మీద నీలి పిచ్చుక.
ఆ రోజు చప్పట్లు కొట్టని
రెండో మనిషి.
చెయ్యి చాపాడు.
ఆమె తీసుకుంది.

పచ్చబొట్టు మాత్రం
అతనికి ఇప్పటికీ నచ్చదు.